రెండో గేరు మొరాయిస్తే నేరం గేర్ బాక్సుదేనా?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా కాలంగా అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాం. రెండు సీట్ల, పైకప్పు తెరిచే కారంటే నాకు మొదటి నుంచీ మోజు. నిరుడు వేసవిలో 1993 నాటి మాజ్డా మియాటా కొన్నాను. 1.6 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు. అమ్మిన పెద్దాయన దాన్ని కొన్నేళ్ళపాటు గ్యారేజీలో కదపకుండా ఉంచారట. చలికాలం వచ్చినప్పటి నుంచి గేర్లు పడటం కష్టమైంది. ఉదయం పూట రెండో గేరు పడదు, బలంగా నెడితే గర్రుమంటుంది. సిగ్నల్ దగ్గర ఆగాక మొదటి గేరును కూడా తోయాల్సి వస్తోంది. రివర్స్ వేస్తే పళ్ళు కొరికిన చప్పుడు. బండి వేడెక్కాక రెండో గేరు కొంత దారికొస్తుంది గానీ మిగిలిన రెండూ అలాగే ఉంటాయి. ఇంజిన్ ఆపి చూస్తే మాత్రం అన్ని గేర్లూ హాయిగా పడుతున్నాయి. ఒక షాపులో చూపిస్తే గేర్ బాక్సు పోయింది, మొత్తం మార్చాలన్నారు. నిజమేనా? ఇంకో సంగతి. పదిహేడేళ్ళ మా అమ్మాయి ఈ కారు మీదే మాన్యువల్ నేర్చుకుంటోంది. బండి పాడైంది తన వల్లేనేమోనని ఇంట్లో అనుమానం. అదీ చెప్పగలరు.

సమాధానం: గేర్ బాక్సు మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు క్లచ్ వైపు వేలు చూపిస్తున్నాయి. మూడోది, అంటే చలిలో రెండో గేరు మొరాయించడం, ఈ కారుకు పుట్టుకతో వచ్చిన గుణం. క్లచ్ సరిగా విడవకపోతే అది నాలుగింతలు కనిపిస్తుంది. గేర్ బాక్సు దింపకుండా, మీ ఇంటి ముందే, ఒక పూటలో తేల్చుకోగలిగిన విషయమిది. ఆ షాపువాళ్ళు ఏమి చూసి అలా చెప్పారో ఒకసారి అడగండి. బోనెట్ లేపి క్లచ్ ఆయిల్ డబ్బా చూశారా? కారు కింద దూరి, నూనె ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగు లేపి చూశారా? చూడకపోతే వాళ్ళు చెప్పింది ఊహ మాత్రమే. ఊహకు గేర్ బాక్సు ధర చెల్లించనక్కరలేదు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట, ఇంజిన్ ఆపితే గేర్లు హాయిగా పడుతున్నాయన్నది. చాలామంది దీన్ని గమనించరు, గమనించినా చెప్పరు. గేర్ రాడ్డు, దాని కింది గుండు, లోపలి ఫోర్కులు, అవి జరిగే కడ్డీలు, వీటిలో ఏది వంగినా, బిగుసుకున్నా, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా గేరు కష్టంగానే పడాలి. మీకు అలా లేదంటే ఆ భాగాలు దాదాపు నిర్దోషులు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడే గొడవ వస్తోందంటే, తిరగకూడని సమయంలో ఏదో తిరుగుతోందన్నమాట.

ఆ తిరిగేది గేర్ బాక్సులోకి వెళ్ళే షాఫ్టు. మీరు క్లచ్ పూర్తిగా తొక్కితే, క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు వెనక్కి జరిగి, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్ నుంచి, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం నుంచి విడివడాలి. అప్పుడు ఆ షాఫ్టుకూ ఇంజిన్‌కూ సంబంధం తెగిపోతుంది. సింక్రో రింగు పని అక్కడే మొదలవుతుంది. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ముందు దాని వేగంతో నాలుగు అడుగులు పరుగెత్తి, ఆ తరువాతే కడ్డీ పట్టుకుంటాడు. సింక్రో రింగు గేరు చేత చేయించేది కూడా ఇదే. ఇత్తడి లాంటి మిశ్రమ లోహంతో చేసిన ఆ రింగు గేరు పక్కనున్న శంకువు మీద రాసుకుంటూ రెండింటి వేగాలనూ కలుపుతుంది. కలిసేదాకా పళ్ళను ముందుకు పోనివ్వదు. మీ చేతికి తగిలే అడ్డు అదే. క్లచ్ పూర్తిగా విడవకపోతే ఆ చిన్న రింగు ఒక్కటే ఇంజిన్‌తో కుస్తీ పట్టాలి. నెగ్గలేదు. మీరు ఇంకా బలంగా నెడితే వేగాలు కలవకముందే పళ్ళు ఒకదాని మీదకొకటి ఎక్కి గర్రుమంటాయి. అలా నెట్టిన ప్రతిసారీ రింగు అరుగుతుంది. క్లచ్‌లో మొదలైన జబ్బు చివరికి గేర్ బాక్సుకు పాకేది ఇలాగే. అందుకే పరీక్ష పూర్తయ్యేదాకా బలప్రయోగం మానండి.

అన్ని గేర్లూ ఉండగా రెండోదే ఎందుకు మొండికేస్తుందని అడగవచ్చు. లెక్క చూస్తే తెలుస్తుంది. మీ ఐదు గేర్ల నిష్పత్తులు వరుసగా 3.136, 1.888, 1.330, 1.000, 0.814. మొదటి గేరులో ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుండగా రెండోది వేశారనుకోండి. అదే వేగంలో షాఫ్టు సుమారు 2,400 చుట్లకు పడిపోవాలి. అంటే 1,600 చుట్లు తగ్గించే భారం రింగు మీద పడుతుంది. రెండు నుంచి మూడుకు వెళ్ళేటప్పుడు తగ్గాల్సింది దాదాపు 1,180. మూడు నుంచి నాలుగుకు వెయ్యి, నాలుగు నుంచి ఐదుకు 750. అందరికంటే ఎక్కువ చాకిరీ రెండో గేరు రింగుదే. అందరికంటే ముందు అలిసిపోయేదీ అదే.

ఇక పరీక్షలు. చదునైన, ఖాళీ స్థలంలో, కారు ముందు గానీ వెనక గానీ ఎవరూ లేకుండా చూసుకుని మొదలుపెట్టండి. ఇంజిన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ వేయండి. రివర్స్‌కు సాధారణంగా సింక్రో సాయం ఉండదు కాబట్టి అది అబద్ధం చెప్పదు. క్లచ్ నిజంగా విడిస్తే ఆ మూడు నాలుగు సెకన్లలో షాఫ్టు తనంతట తాను నెమ్మదించి గేరు నిశ్శబ్దంగా పడాలి. అంతసేపు ఆగాక కూడా గర్రుమంటే క్లచ్ ఈడుస్తోంది, అంటే పూర్తిగా విడవడం లేదు. ఆగకుండా వెంటనే వేస్తే మంచి బండి కూడా అరుస్తుంది, అది లెక్కలోకి రాదు.

తరువాత మొదటి గేరులో పెట్టి, క్లచ్ తొక్కే ఉంచి, హ్యాండ్ బ్రేక్ దించి, కుడి కాలు వెంటనే బ్రేకు మీదికి మార్చడానికి సిద్ధంగా ఉండి, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కండి. కారు ముందుకు పాకాలని చూస్తే ఇక సందేహమే లేదు. మూడో పరీక్ష అన్నిటికంటే సులువు. గేరు పడకుండా మొండికేసిన క్షణంలో క్లచ్ పెడల్‌ను గబగబా రెండు మూడుసార్లు తొక్కి వదిలి, మళ్ళీ తొక్కి, గేరు వేయండి. అప్పుడు సాఫీగా పడితే క్లచ్ ప్లేటుదీ తప్పు కాదు. తప్పు దాన్ని నెట్టే నూనెది. గొట్టంలో గాలి చేరింది, లేదా సిలిండర్ లోపలి రబ్బరు సీలు పీడనాన్ని నిలబెట్టలేకపోతోంది. కొన్నేళ్ళు కదలకుండా పడి ఉన్న మియాటాలో నేను పందెం కాసేది దీని మీదే.

ఎందుకంటే ఈ కారులో క్లచ్‌కు తీగ ఉండదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నూనెను నెడుతుంది. ఆ నూనె సన్నని గొట్టం గుండా వెళ్ళి గేర్ బాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌ను నెడుతుంది. ఆ స్లేవ్ ఒక చిన్న కడ్డీతో క్లచ్ ఫోర్కును తోస్తుంది. ఈ తరం మియాటాల్లో స్లేవ్ సిలిండర్ బలహీనత ఆ కార్ల లోకంలో అందరికీ తెలిసిన సంగతే. వాడుతున్న కార్లలోనే పోతుంది, పడి ఉన్న కార్లలో అడగనక్కరలేదు. క్లచ్‌లో ఉండేదీ బ్రేక్ ఆయిలే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ సిలిండర్ గోడను తుప్పు పట్టిస్తుంది, ఏళ్ళ తరబడి ఒకే చోట కూర్చున్న సీలు మళ్ళీ కదలగానే ఆ తుప్పు మీద గీసుకుపోతుంది.

బోనెట్ లేపండి. డ్రైవర్ వైపు, ఇంజిన్ వెనక గోడ దగ్గర బ్రేక్ మాస్టర్ సిలిండర్ పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అది క్లచ్‌ది. బ్రేకులది వేరే. మూత తీసి టార్చిలైటు వేసి చూడండి. లోపలి నూనె లేత తేనె రంగులో ఉండాలి. కాటుక కలిపినట్టు నల్లగా ఉంటే, లేదా అడుగున నల్లటి మడ్డి ఉంటే, అది లోపల కరిగిపోతున్న రబ్బరు. మట్టం తగ్గి ఉంటే ఆ నూనె ఎక్కడికో పోయింది. పోయే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి స్లేవ్. కారును నాలుగు స్టాండ్ల మీద నిలిపి (జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కారు కిందికి వెళ్ళకూడదు, ఇందులో బేరం లేదు), ప్రయాణికుడి వైపు నుంచి గేర్ బాక్సు ముందు భాగం చూడండి. రెండు బోల్టులతో బిగించిన, బొటనవేలు కంటే కాస్త పెద్ద సిలిండర్ కనిపిస్తుంది. దాని కొసన ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు అంచును వేలితో మెల్లగా లేపండి. లోపల పొడిగా, మహా అయితే కొంచెం దుమ్ముతో ఉండాలి. చుక్క నూనె జారినా, జిడ్డుగా నల్లటి తడి తగిలినా స్లేవ్ పని అయిపోయింది. రెండో దారి మాస్టర్. డ్రైవర్ కాళ్ళ దగ్గర పడుకుని క్లచ్ పెడల్ పై కొసన, కడ్డీ గోడలోకి దూరే చోట వేలు పెట్టి చూడండి. అక్కడ తడి ఉన్నా, కింది కార్పెట్ జిడ్డుగా ఉన్నా మాస్టర్ కారుతోంది.

ఎక్కడా తడి లేకపోయినా సంబరపడకండి. మాస్టర్ లోపలి సీలు బయటికి కారకుండానే నూనెను వెనక్కి వదిలేయగలదు. అందుకే కొలిచి చూడాలి. మీరు కారు కింద ఉండి (ఇంజిన్ ఆపే ఉండాలి) ఇంకొకరిని పెడల్ అడుగంటా తొక్కమనండి. స్లేవ్ కడ్డీ దాదాపు అర అంగుళం బయటికి రావాలి. తొక్కి అలాగే పట్టుకోమనండి. కడ్డీ నెమ్మదిగా వెనక్కి పోతుంటే సీలు దాటి నూనె జారుతోంది. మొదటి నుంచీ తక్కువే కదిలితే గాలైనా ఉంది, రబ్బరు గొట్టమైనా ఉబ్బుతోంది. ముప్పై ఏళ్ళ రబ్బరు గొట్టం తొక్కినప్పుడల్లా ఉబ్బి, మీ కాలి బలంలో కొంత తనే మింగేస్తుంది. అదీ మార్చేయండి.

సిలిండర్ మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చండి. కొత్త స్లేవ్ పూర్తి పీడనం నిలబెట్టగానే పాత మాస్టర్ బలహీనత బయటపడుతుంది, కొద్ది వారాల్లోనే మళ్ళీ కారు కింద దూరాల్సి వస్తుంది. గాలి తీసేటప్పుడు ఆ చిన్న డబ్బా మీద కన్నేసి ఉంచండి. అందులో పట్టేది కొంచెమే, నాలుగైదు సార్లు తొక్కితే అడుగు కనిపిస్తుంది. ఖాళీ అయిందా, గొట్టం నిండా మళ్ళీ గాలి. తొక్కమని, పట్టుకోమని, ఇటు స్లేవ్ మీదున్న గాలి తీసే నిపిల్ విప్పి బుడగలు పోనిచ్చి, బిగించాకే వదలమని చెప్పాలి. ముందు మాట్లాడుకోకుండా మొదలుపెడితే భార్యాభర్తలకు గొడవలు తెచ్చే పని ఇది. బ్రేక్ ఆయిల్ తప్ప మరే నూనే పోయకండి. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, ఆలస్యమైతే రంగు లేచిపోతుంది.

పెడల్ సర్దుబాటు గురించి కూడా ఒక హెచ్చరిక. పెడల్ వెనక కడ్డీకి ఒక నట్టు ఉంటుంది. దాన్ని విప్పి కడ్డీని పొడుగు చేస్తే క్లచ్ కాస్త ఎక్కువ విడుస్తుంది. అందుకని కొందరు ఆ నట్టు తిప్పి, బాగైందని మురిసిపోతారు. పెడల్ పైన కొద్దిపాటి వదులు తప్పక ఉండాలి. అది లేకుండా బిగిస్తే మాస్టర్‌లోకి నూనె తిరిగి వచ్చే రంధ్రం మూసుకుపోతుంది, పీడనం లోపలే నిలిచి, క్లచ్ జారడం మొదలవుతుంది. గేరు పడటం లేదని వెళ్ళి క్లచ్ ప్లేటు కాల్చుకున్నట్టు అవుతుంది.

ఇవన్నీ సరిచేశాక మొదటి గేరు, రివర్స్ సర్దుకుంటాయని నా అంచనా. అప్పుడు మిగిలేది చలిలో రెండో గేరు. అది గేర్ ఆయిల్ వ్యవహారం. రింగు శంకువును పట్టుకోవాలంటే మధ్యలోని నూనె పొర పక్కకు తప్పుకోవాలి. చలికి నూనె చిక్కబడితే ఆ పొర తప్పుకోదు, రింగు జారుతూనే ఉంటుంది. నూనె డబ్బా మీది 75డబ్ల్యూ-90 అన్న అంకెల్లో మొదటిది చలిలో దాని ప్రవర్తన చెబుతుంది. 75డబ్ల్యూ రకం మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దాకా నిర్ణీత చిక్కదనం దాటకూడదు. 80డబ్ల్యూకు ఆ హద్దు మైనస్ 26, 85డబ్ల్యూకు మైనస్ 12. పాత యజమాని ఏ 80డబ్ల్యూ-90 పోసి వదిలేశారో ఎవరికి తెలుసు! హైదరాబాద్‌లో అయితే ఆ తేడా ఎవరికీ పట్టదు. ఒహాయో జనవరిలో తెల్లవారుజామున తప్పక పడుతుంది. గేర్ ఆయిల్‌లో జీఎల్-4, జీఎల్-5 అని రకాలున్నాయి, మాజ్డా పుస్తకం రెండింటినీ ఒప్పుకుంటుంది. అయినా నేను జీఎల్-4 సింథటిక్ 75డబ్ల్యూ-90నే పోయమంటాను. జీఎల్-5 వెనక ఇరుసులోని భారీ ఒత్తిడి కోసం పుట్టింది. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. ఇత్తడి రింగుకు కావలసిన రాపిడిని అవి తగ్గిస్తాయి. జారుడు ఎక్కువైతే గేర్లకు మంచిదేగా అనిపిస్తుంది. సింక్రోకు మాత్రం రాపిడే జీవనాధారం. గేర్ బాక్సులో పోసి కష్టాలన్నీ తీర్చే సీసా మందుల జోలికి పోవద్దనేదీ ఇందుకే.

నూనె మార్చేటప్పుడు ఒక నియమం. ముందు పక్కనున్న నింపే బిరడా విప్పండి. అది ఊడాకే కింది బిరడా ముట్టుకోండి. ఎక్కువ మంది ఉత్సాహం కొద్దీ ముందు కిందిది విప్పి నూనె మొత్తం కార్చేస్తారు. ఏళ్ళుగా ఎవరూ ముట్టని పై బిరడా తుప్పుతో బిగుసుకుని కదలదు. అప్పుడు నూనె లేని కారు స్టాండ్ల మీద ఇరుక్కుపోతుంది. కాస్త దూరం నడిపి వేడెక్కించి తీస్తే నూనె బాగా కారుతుంది. పట్టేది సుమారు 2 లీటర్లు. కారు అటూ ఇటూ వంగకుండా చదునుగా ఉండగా, నింపే రంధ్రం అంచు నుంచి నూనె పొర్లేదాకా పోయాలి.

కారిన నూనెను తొందరపడి పారబోయకండి. గేర్ బాక్సు ఆరోగ్యం గురించి అంత నిజాయతీగా చెప్పేది మరొకటి లేదు. శుభ్రమైన తెల్లటి గిన్నెలో కొంచెం తీసి ఎండలో వంచి చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు కనిపిస్తే మామూలే, ముప్పై ఏళ్ళ గేర్లకు అది సహజం. బంగారు రంగు తళుకు నూనెలో తేలుతుంటే అది సింక్రో రింగులు అరిగిన పొడి. కొంచెం ఉంటే భయం లేదు, గిన్నె వంచినప్పుడు మెరుపు చారలు కట్టేంత ఉంటే రెండో గేరు రింగు చాలా వరకు పోయినట్టే. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్క దొరికితే అప్పుడు గేర్ బాక్సు విప్పే మాట మాట్లాడుకోవచ్చు.

గేర్ రాడ్డు దగ్గరా కొంచెం పని ఉంది. మీ ఇబ్బందికి అది మూలం కాదు, కానీ కారు ఎలాగూ విప్పుతున్నారు కదా! ముందు చక్రాలు నడిచే కార్లలో లాగా ఇందులో గేర్ తీగలుండవు. రాడ్డు నేరుగా గేర్ బాక్సు తోకలోకే దిగుతుంది. ఆ పొట్టి రాడ్డు మణికట్టు కదిపితే పడే తీరుకే 1989లో షికాగో ఆటో షోలో ఈ కారు బయటికి వచ్చినప్పటి నుంచీ జనం మనసు పారేసుకున్నారు. కాబట్టి ఎవరైనా తీగ సర్దాలంటే నవ్వి ఊరుకోండి. రాడ్డు కింది గుండు ఒక చిన్న గుంటలో కూర్చుంటుంది. ఆ గుంటకు గేర్ బాక్సుతో సంబంధం లేకుండా విడిగా కొంచెం నూనె ఉంటుంది, ఓ చిన్న టీ గ్లాసెడు. గేర్ ఆయిల్ మార్చే షాపుల్లో చాలావరకు దీని ఊసే ఎత్తరు. గేర్ రాడ్డు బుడిపె తిప్పి తీసి, మధ్య కన్సోల్ లేపి, పై రబ్బరు తొడుగు విప్పితే, కింద మరో చిన్న తొడుగు మూడు బోల్టులతో ఉంటుంది. ఈ కాలపు మియాటాల్లో ఈ తొడుగులు చిరిగి ఉండటం మామూలే. రాడ్డు దగ్గర నుంచి కాళ్ళకు వేడి గాలి, గేర్ ఆయిల్ వాసన వస్తుంటే చిరిగినట్టే లెక్క. రాడ్డు పైకి లాగి, దాని కొసనున్న నైలాన్ బుష్ అరిగిందేమో చూసి, పాత నూనె సిరంజితో పీల్చి కొత్తది పోసి, రెండు తొడుగులూ మార్చండి. ఖర్చు స్వల్పం. చేతికి తెలిసే తేడా మాత్రం స్వల్పం కాదు.

ఇంతా చేశాక, కడ్డీ అర అంగుళం కదులుతున్నా, రివర్స్ ఇంకా అరిస్తే? అప్పుడు క్లచ్ లోపలే గొడవ. కదలని కార్లలో క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అంటుకుంటుంది, లేదా ఆ ప్లేటు జరగాల్సిన షాఫ్టు గాడుల మీద తుప్పు పట్టి అది ముందుకూ వెనక్కీ జారనంటుంది. మీరు వేసవి నుంచీ నడుపుతున్నారు కాబట్టి అంటుకుని ఉంటే ఈపాటికి విడిపోయి ఉండాలి, గాడుల తుప్పు మాత్రం అలాగే ఉండగలదు. మూడో అనుమానం పైలట్ బేరింగు. ఇంజిన్ క్రాంక్ షాఫ్టు కొసన, గేర్ బాక్సు షాఫ్టు ముక్కు కూర్చునే అతి చిన్న బేరింగు అది. అది బిగుసుకుపోతే క్లచ్ పూర్తిగా విడిచినా షాఫ్టు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది. లక్షణాలన్నీ అచ్చం క్లచ్ ఈడ్చినట్టే ఉంటాయి.

వీటికి గేర్ బాక్సు దింపక తప్పదు. దింపినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు అన్నీ ఒకేసారి మార్పించండి. ఇంజిన్ వెనక సీలు కారుతోందేమో చూడమనండి, ఫోర్కు ఆనే చోట గ్రీజు పెట్టమనండి. గాడులకు గ్రీజు పూత సన్నగా ఉండాలి. ఎక్కువైతే చిమ్మి క్లచ్ ప్లేటు మీద పడుతుంది. ఇంకొక్క మాట పని చేసేవాళ్ళకు ముందే చెప్పండి. ఈ కారులో గేర్ బాక్సును వెనక డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెతో) కలిపే పొడవాటి అల్యూమినియం దూలం ఒకటుంది. తిరిగి బిగించేటప్పుడు దాని ఎత్తు మాజ్డా వర్క్‌షాప్ పుస్తకం ప్రకారం కొలిచి పెట్టాలి. కొలవకుండా బిగిస్తే కారు వణుకుతుంది, ఆ వణుకు ఎక్కడిదో వెతకడానికి మళ్ళీ డబ్బు పోయాలి. ఈ దూలం పేరు చెప్పగానే మొహం తెల్లబోయే షాపుకు కారు ఇవ్వకండి.

గేర్ బాక్సు నిజంగానే పోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి? క్లచ్ పక్కాగా విడుస్తోందని తేలాక, బండి వేడెక్కినా రెండో గేరు అరుస్తూనే ఉంటే, యాక్సిలరేటర్ వదలగానే గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లోకి వస్తుంటే, ఒక గేరులో మాత్రమే వినిపించే మూలుగు ఉంటే. అప్పుడు కూడా ఎవరో తీసి అమ్మిన పాత గేర్ బాక్సు కొనే ముందు ఆలోచించండి. దాని రెండో గేరూ మీ దాని వయసుదే. మీ గేర్ బాక్సునే విప్పించి రింగులు, స్లీవు, అరిగిన ఫోర్కు మార్పించుకుంటే లోపల ఏముందో కనీసం మీకు తెలుస్తుంది.

పనులు పూర్తయ్యేదాకా కారు నడపాల్సి వస్తే రెండు క్లచ్‌ల పద్ధతి నేర్చుకోండి. మన ఊళ్ళలో పాత లారీ డ్రైవర్లకు ఇది వెన్నతో పెట్టిన విద్య. పై గేరుకు వెళ్ళేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తొక్కి గేరు వేయాలి. ఇంజిన్ నెమ్మదించడంతో షాఫ్టూ నెమ్మదిస్తుంది, రింగుకు పని తగ్గుతుంది. మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు ఆ మధ్య క్షణంలో యాక్సిలరేటర్ కాస్త తట్టాలి. ఉదయం మొదటి రెండు మూడు కిలోమీటర్లు తక్కువ వేగంలోనే గేరు మార్చండి, ఇంజిన్‌ను గట్టిగా తిప్పకండి. సిగ్నల్ దగ్గరికి వచ్చేటప్పుడు బండి పూర్తిగా ఆగకముందే, నడక వేగంలో ఉండగా గేరు న్యూట్రల్‌కు తెచ్చుకోండి.

ఇక మీ అమ్మాయి సంగతి. తన మీద నేరం మోపకండి. నేర్చుకునేవాళ్ళు పాడు చేసేది క్లచ్ ప్లేటు. సగం తొక్కి ఎక్కువసేపు జారనిస్తారు కాబట్టి అది అరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. క్లచ్ అరిగితే బండి జారుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ వేగం పెరగదు. మీ ఇబ్బంది దానికి సరిగ్గా తిరగేసినది. మీ క్లచ్‌కు పట్టడం తెలుసు, విడవడమే తెలియడం లేదు. సీళ్ళు ఎండిపోవడానికి ఏ పదిహేడేళ్ళ పిల్లా కారణం కాదు. అయితే క్లచ్ బాగయ్యేదాకా తనకు ఈ కారు ఇవ్వకండి. గేరు పడకపోతే బలంగా నెట్టాలనే అలవాటు మొదట్లోనే పడితే తరువాత వదిలించడం కష్టం. బాగయ్యాక ఖాళీ పార్కింగ్ స్థలంలో మొదలుపెట్టించండి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ మాత్రమే మెల్లగా వదులుతూ చదునులో కారును కదిలించడం ముందు వచ్చేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యి గేర్ రాడ్డు మీద ఆనించకుండా స్టీరింగ్ మీదే ఉంచమనండి, ఆ బరువు లోపల ఫోర్కు మీద పడుతుంది. స్లేవ్ సిలిండర్ మార్చే రోజున పెడల్ తొక్కే పని కూడా తనకే అప్పగించండి. గాలి ఉన్నప్పుడు పెడల్ ఎంత మెత్తగా ఉంటుందో, పోయాక ఎంత బిగువుగా ఉంటుందో తన కాలికే తెలుస్తుంది, ఇకముందు తేడా వస్తే మీకంటే ముందు తనే చెబుతుంది.